సైన్యం లెక్క అడిగేదెవరు: స్థాయీ సంఘమా, పీఏసీనా?

జవాన్లకు ఇల్లు, బూటు, తూటా సరిగ్గా అందుతున్నాయా అని నిలదీయడానికి మన పార్లమెంటులో రెండు దారులున్నాయి.

రక్షణ శాఖ స్థాయీ సంఘం డబ్బు ఖర్చు కాకముందే పద్దులు చూస్తుంది. 31 మంది ఎంపీలు అధికారుల్ని ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతారు. మన సామగ్రిలో 68 శాతం పాతకాలం నాటిదని 2018లో ఆర్మీ ఉప ప్రధానాధికారి ఒప్పుకున్నది ఇక్కడే. కాకపోతే సంఘం చెప్పేది సలహా మాత్రమే, ప్రభుత్వం వినాలన్న రూలు లేదు.

పీఏసీది, అంటే పార్లమెంటు ప్రజా పద్దుల సంఘానిది పోస్ట్‌మార్టం. ఖర్చయ్యాక, కాగ్ (ప్రభుత్వ ఖర్చుల్ని తనిఖీ చేసే ఆడిటర్) తవ్విన లెక్కల మీద 22 మంది ఎంపీలు కూర్చుంటారు. 1967 నుంచి అధ్యక్ష పదవి ప్రతిపక్షానికే ఇస్తున్నారు, అందుకే కాస్త మొహమాటం తక్కువ. 2020 ఫిబ్రవరిలో సభ ముందుకొచ్చిన కాగ్ నివేదిక చూడండి: సియాచిన్ లాంటి చోట్ల వాడే మంచు కళ్లద్దాల కొరత 62 నుంచి 98 శాతం. కొత్త బూట్లు కొనక, ఉన్నవాటినే బాగుచేసి మళ్లీ ఇచ్చారట! ఇలాంటివి బడ్జెట్ చర్చలో బయటపడవు, స్టోర్ రిజిస్టర్లు తిరగేయాల్సిందే.

క్వార్టర్ల విషయంలో మాత్రం నా ఓటు స్థాయీ సంఘానికే. వివాహిత సైనికుల ఇళ్ల ప్రాజెక్టు 2002లో మొదలై ఏళ్లకేళ్లు సాగింది. అలాంటి నత్తనడక పనిని ఏటా పద్దుల వేళ గుర్తుచేసేవాళ్లు కావాలి.