నల్లమల, వెలికొండ దారుల్లో సైకిలు: ఎక్కడ ఎక్కాలి, ఎక్కడ దిగాలి

శ్రీశైలం ఘాట్ సైకిలు మీద ఎక్కామని చెబితే ఒంగోలులో ఎవరైనా అడిగేది ఒక్కటే: "పులి కనిపించిందా?" కనిపించలేదు. దోర్నాల నుంచి శ్రీశైలం దాకా మమ్మల్ని నిజంగా వణికించినవి బస్సులు. ముందు చక్రాలు మనల్ని తప్పించుకుని పోయినా, వెనక చక్రాలు మలుపు లోపలి అంచును కోసుకుంటూ వస్తాయి. డ్రైవరు చూశాడులే అని ధీమాగా ఆ అంచునే తొక్కుతూ ఉంటే నడుముకు రాసుకుపోతుంది. హారన్ వినగానే దిగి, మట్టిలోకి జరిగి నిలబడడమే పద్ధతి. ఆ దారి అంతా ఇలా దిగడం, ఎక్కడం.

మా బావమరిది, నేను ఈ చలికాలం పాత ప్రకాశం జిల్లా పడమటి అంచునున్న నల్లమలను, నెల్లూరు వైపు వెలికొండలను విడతలవారీగా చుట్టాం. తేలింది ఏమిటంటే, ఇక్కడ దూరం, ఎత్తు రెండో లెక్క. మొదటి లెక్క గడియారం. దోర్నాల, శ్రీశైలం మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. సైకిలుకు అంతకంటే తక్కువ సమయమే మిగులుతుంది. తెల్లవారుజామున, మునిమాపున తిరిగే జంతువులకు సైకిలు వస్తున్న చప్పుడు వినిపించదు. పులి సంగతి అటుంచితే, నల్లమలలో భయపడాల్సింది ఎలుగుబంటికి. అకస్మాత్తుగా దగ్గరికి వచ్చిన మనిషిని చూస్తే అది పారిపోదు, మీదికి వస్తుంది. అందుకే ఎండ పొడిచాక బయలుదేరి, సాయంత్రం నాలుగింటిలోపు అడవి దాటాలని పెట్టుకున్నాం. గుడ్డి మలుపుల దగ్గర గంట కొడుతూనే ఉన్నాం. బావమరిది గంటతో ఆగలేదు, పాట కూడా అందుకున్నాడు. అడవి జంతువులకు ఆ శిక్ష అవసరమా అని అడిగితే నొచ్చుకున్నాడు.

ఇంకో మాట ముందే చెప్పాలి. ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. 1978లో అభయారణ్యంగా ప్రకటించి, 1983లో పులుల సంరక్షణ పథకంలో చేర్చారు. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి భాగం అమ్రాబాద్ పేరుతో వేరయింది. సైకిలుకు ఇక్కడ దక్కేవి జనం తిరిగే తారురోడ్లే. పక్కకు చీలే ఎర్రమట్టి బాటలు ఎంత ఊరించినా, అటవీ శాఖ అనుమతి లేకుండా చక్రం దించకూడదు. మట్టి బాటల కోసమే వచ్చేవాళ్లకు ఈ అడవి నిరాశే.

దోర్నాల దారికి మకాం మార్కాపురంలో పెట్టడం మేలు. దోర్నాలలో చిన్న లాడ్జీలు ఉన్నాయి కానీ పడుకోవడానికి తప్ప దేనికీ పనికిరావు. మార్కాపురంలో మేం దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లూ వచ్చాయి. పేచీ అంతా సైకిళ్ల దగ్గర. గదిలోకి తేవద్దన్నారు, కింద పెట్టుకోవడానికి డబ్బు అడిగారు, పొద్దున చూస్తే ఒకదాని లైటు లేదు. గది తీసుకునే ముందే సైకిలు ఎక్కడ ఉంచుతారో తేల్చుకోండి. కింది అంతస్తు గది దొరికితే వంద ఎక్కువైనా నష్టం లేదు.

మార్కాపురం నుంచి దోర్నాలకు 30 కిలోమీటర్ల పైచిలుకు. ఊరు దాటగానే పలకల గనులు, వాటి పక్కన గుట్టలుగా పోసిన రాతి ముక్కలు. లారీలు లేపే బూడిద రంగు దుమ్ములో ముక్కుకు గుడ్డ కట్టుకోక తప్పదు. ఆ తర్వాత దారి చదునే. దోర్నాలలో ఇడ్లీ తిని, నీళ్లు నింపుకున్నాం. మనిషికి మూడు లీటర్లు తక్కువ కాదు. ప్లాస్టిక్ నిషేధం ఉన్నందున కొన్న సీసాల మీద ఆధారపడకుండా సైకిలు సీసాలే పెద్దవి తెచ్చుకోవాలి.

చెక్‌పోస్టు దాటాక ఘాట్ మొదలు. దోర్నాల నుంచి శ్రీశైలం సుమారు 50 కిలోమీటర్లు, అందులో గట్టి ఎక్కుడు మొదటి భాగమే. మెలికల రోడ్డు ఎక్కేశాక కొండ మీద మైదానంలా సాగుతుంది, చిన్న చిన్న ఎత్తుపల్లాలతో. ఇక్కడే అడవి అందం. మద్ది, ఏపి, ఇప్ప, మధ్యమధ్య వెదురు పొదలు. జనవరి దాటితే ఆకు రాలి ఎండ నెత్తిన పడుతుంది కాబట్టి కార్తీకం తర్వాత సంక్రాంతి లోపు వెళ్లడమే సరైన అదను. చింతల చెంచుగూడెం దగ్గర ఆగాం. తుమ్మలబైలు దగ్గర అటవీ శాఖ జీపు సఫారీ నడుస్తుంది. కాళ్లు నొప్పులు పుట్టినవాళ్లకు అది మంచి విశ్రాంతే గానీ, ఎండ నెత్తికెక్కే వేళ జంతువులు కనపడతాయని ఆశపడకండి. మాకు కనపడినవి దుప్పులు, నెమళ్లు, లెక్కలేనన్ని కోతులు. ఆ కోతులకు కార్లలోంచి అరటిపండ్లు విసిరేవాళ్ల పుణ్యమా అని, సైకిలు సంచి చూస్తే చాలు అవి దూకుతాయి. శిఖరేశ్వరం దగ్గర ఒక కోతి బావమరిది సంచి జిప్పు తీసి పల్లీచిక్కీ పట్టుకుపోయింది.

దారిలో ఎత్తయిన చోటు ఆ శిఖరేశ్వరమే. నంది కొమ్ముల మధ్య నుంచి శ్రీశైల గోపురం చూడడానికి జనం అక్కడ మూగుతారు. అక్కడి నుంచి శ్రీశైలం దాకా దిగుడు. బ్రేకులు పట్టి పట్టి రిమ్ములు కాలిపోతాయి, మధ్యలో ఆగి చల్లార్చుకోవాలి. ఇష్టకామేశ్వరి గుడికి సైకిలు కుదరదు, జీపులోనే వెళ్లాలి. ఆ రాళ్ల బాటలో ఒళ్లు హూనమవుతుంది. భక్తి ఉన్నవాళ్లకు సరే, ఘాట్ ఎక్కిన మరునాడు మాత్రం వద్దు.

శ్రీశైలంలో బసకు కరువు లేదు. దేవస్థానం గదులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, కులానికొక సత్రం ఉంది. సత్రాల్లో మొదటి ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చారని కాదు, ఎవరి తాలూకని. ఆ విచారణ గిట్టనివాళ్లు ముందే దేవస్థానం గది చూసుకోవాలి. మేం అదే చేశాం. గది సాదాసీదా, కానీ సైకిళ్లు వరండాలో పెట్టుకోనిచ్చారు, కాపలాదారు వాటి గేర్ల గురించి అరగంట ఆరా తీశాడు. అన్నదానంలో భోజనం కడుపు నింపింది. కార్తీక సోమవారాలు, మహాశివరాత్రి, ఉగాది రోజుల్లో మాత్రం ఈ దారికి సైకిలు తేవద్దు. శివరాత్రికి రాత్రంతా వాహనాలు వదులుతారు, రోడ్డు కిక్కిరిసిపోతుంది. ఉగాదికి కన్నడ భక్తులు నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా అడవిలో నడిచి వస్తారు. ఆ బాట సైకిలుకు పనికిరాదు, మెట్లే ఎక్కువ.

శ్రీశైలం ఘాట్ ఒకసారి ఎక్కితే చాలు, రెండోసారి పిలిచినా వెళ్లను. గిద్దలూరు దారికైతే రేపు రమ్మన్నా సిద్ధం.

ఆ వైపు వెళ్లడానికి గుంటూరు, నంద్యాల రైలు మార్గం ఉంది. సైకిలును బ్రేకు వ్యానులో, అంటే రైలు సామాన్ల పెట్టెలో, వేయాలంటే పార్సిలు కాగితం, రుసుము, అంతకుమించి ఓపిక కావాలి. బండి రెండు నిమిషాలు ఆగే స్టేషన్‌లో అది దించుకోవడం సాహసమే. చక్రాలు ఊడదీసి సంచిలో కట్టి బెర్తు కింద తోస్తే తలనొప్పి తప్పింది. కంభంలో దిగాం. కొండల మధ్య సందులో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువును విజయనగర రాకుమారి వరదరాజమ్మ కట్టించిందని ఊళ్లో చెబుతారు. 2020లో దీన్ని ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తించారు. నీళ్లున్న ఏడాది చూస్తే చెరువు అనబుద్ధి కాదు. మా ఒంగోలు వైపు ఇసుక మేటల మధ్య పాయలుగా పారే గుండ్లకమ్మేనా ఇది అనిపించింది. పర్యాటకులకంటూ వసతులు మాత్రం తక్కువ. నీడ, మరుగుదొడ్డి వెతుక్కోవాలి.

కంభం నుంచి బేస్తవారిపేట మీదుగా గిద్దలూరుకు వెళ్లే దారిలో నల్లమల కుడిచేతి వైపు తోడుగా వస్తుంది. మధ్యలో రాచర్ల మండలం జేపీ చెరువు దగ్గర నెమలిగుండ్ల రంగనాయకస్వామి గుడి. గుండ్లకమ్మ కొండలోంచి బయటపడే చోటు. భక్తులను వదిలేది శనివారమే కాబట్టి ప్రయాణం దానికి తగ్గట్టు సర్దుకున్నాం. అన్ని మజిలీల్లోనూ నాకు ఎక్కువ నచ్చింది ఇదే. మడుగులో చేపలు, అడవి అంచున చెట్ల కింద వంటలు చేసుకునే కుటుంబాలు, పిలిచి పులిహోర పెట్టిన ఒక పెద్దమ్మ. "ఇంత ఎండలో ఈ తొక్కుడేమిటి నాయనా, బస్సుకు డబ్బుల్లేవా?" అని అడిగింది. జవాబు చెప్పలేక ఇంకో ముద్ద పెట్టించుకున్నాం.

గిద్దలూరు లాడ్జీలు మార్కాపురం స్థాయివే, పేచీ తక్కువ. అక్కడి నుంచి నంద్యాలకు అరవై కిలోమీటర్ల పైన. దిగువమెట్ట దాటాక ఘాట్, సర్వనరసింహస్వామి గుడి, పచ్చర్ల, గాజులపల్లె. ఇది జాతీయ రహదారి, లారీలు ఉంటాయి, కానీ రోడ్డు బాగుంది. యాత్రికుల రద్దీ లేదు. లారీ డ్రైవర్లు శ్రీశైలం కార్ల వాళ్ల కంటే చాలా నయం, ఎక్కుడులో ఓపిగ్గా వెనకే వచ్చి చోటు చూసుకుని దాటారు. మీటరుగేజీ రైళ్ల కాలంలో దొరలు కట్టిన దొరబావి రైలు వంతెన తాలూకు స్తంభాలు ఈ అడవిలోనే ఉన్నాయి. రోడ్డు మీద నుంచి కనపడవు, లోపలికి వెళ్లడానికి అనుమతి కావాలి. 2024లో పచ్చర్ల దగ్గర చిరుత ఒక మహిళను చంపింది. అందుకే అక్కడ విశ్రాంతి అంటే జనం ఉన్న టీ కొట్టు దగ్గరే, చెట్ల చాటున కాదు. పచ్చర్లలోనూ, ఆత్మకూరు వైపు బైర్లూటిలోనూ అటవీ శాఖ విడిది కేంద్రాలున్నాయి. ఖర్చు లాడ్జీల కంటే ఎక్కువే, అడవిలో నిద్రపోయే అవకాశం మాత్రం వేరే చోట రాదు. జులై నుంచి సెప్టెంబరు దాకా మూసేస్తారు. బైర్లూటి వెతికేటప్పుడు ఫోను మ్యాపు నెల్లూరు జిల్లా ఆత్మకూరుకు దారి చూపించింది. రెండు ఆత్మకూర్లు ఉన్నాయని దానికెవరు చెప్పాలి!

గాజులపల్లె నుంచి మహానందికి మళ్లి కోనేట్లో మునిగాక, ఆ రోజు తొక్కిన బడలిక అంతా అక్కడే పోయింది. ఉగ్గాని, బజ్జీ తిని నంద్యాలలో రైలెక్కడం. మొదటిసారి ఘాట్ ఎక్కేవాళ్లకు నేను చెప్పే దారి ఇదే.

నెల్లూరు వైపు సంగతి వేరు. పెంచలకోనకు రాపూరు నుంచి గోనుపల్లి మీదుగా వెళ్లే దారి చదునుగా, వెలికొండల కాళ్ల దగ్గర సాగుతుంది. పెనుశిల నరసింహ అభయారణ్యం మొదలయ్యేదీ అక్కడే. పిల్లలతో, మామూలు గేర్లులేని సైకిళ్లతోనూ వెళ్లొచ్చు. గుడి దగ్గర సత్రాలు ఉన్నాయి, శనివారం తప్ప గది సులువు. వానల తర్వాత కోనలో జలపాతం. భోజనం విషయంలో మాత్రం సర్దుకోవాలి, రాత్రి ఎనిమిదికే అన్నీ మూసేశారు. కొండ ఎక్కాలన్న పట్టుదల ఉంటే రాపూరు, చిట్వేలు ఘాట్ ఉంది. ఎర్రచందనం అడవి కాబట్టి చెక్‌పోస్టుల్లో సంచులు విప్పమంటారు, విసుక్కోకుండా చూపించాలి.

భైరవకోన కూడా ఈ కొండల్లోదే, సీఎస్‌పురం (చంద్రశేఖరపురం) మండలంలో. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. దారిలో నీడ లేదు, నిద్రకు చోటు లేదు. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి వెనక్కి రావాల్సిందే.

చివరిగా టైర్ల మాట. ఈ దారుల్లో తుమ్మముళ్లు, పల్లేరుకాయలు సన్నటైరును వదలవు. ప్రెస్టా వాల్వు (రేసు సైకిళ్లకు ఉండే సన్న రకం) ఉన్న చక్రంతో వస్తే గిద్దలూరులోనూ రాపూరులోనూ మెకానిక్ దాన్ని వింతగా చూసి పంపు తిరిగి లోపల పెట్టేస్తాడు. మోటారుసైకిలుకు ఉండే వాల్వు రకమే వేయించుకుంటే దోర్నాలలోనైనా ఐదు నిమిషాల్లో గాలి పడుతుంది. ట్యూబులు మాత్రం ఒంగోలులోనో నెల్లూరులోనో కొనుక్కుని బయలుదేరండి, మధ్యలో మన కొలతవి దొరకలేదు.