పికాసో లినోకట్ పేరుతో పుస్తకపు పేజీ అమ్ముతున్నారు, జాగ్రత్త

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ ప్రాంతాల నుంచి ఆన్‌లైన్‌లో చిత్రకళా ప్రింట్లు కొనేవారికి ఈ హెచ్చరిక. చిత్రకారుడు పికాసో 1959లో చెక్కిన ‘బక్కనాల్’ లినోకట్లలో (లినోలియం అనే మెత్తని పలకపై చెక్కి కాగితంపై అచ్చువేసిన బొమ్మలలో) ఒకటి, అంటే వేణువు ఊదేవాడు, చిందులేసే ఆడామగా, మేకపిల్లతో మన జాతర సందడిని తలపించే బొమ్మ, తమ వద్ద ఉన్నదని, సంతకం లేనందువల్లే ధర తక్కువని చెప్పి, ఒక అమ్మకందారు నా వద్ద రూ. 85,000 తీసుకుని ఆఫ్‌సెట్‌లో, అంటే యంత్రంపై రంగును సన్నని చుక్కలుగా వేసే పద్ధతిలో, అచ్చయిన పుస్తకపు పేజీని పంపారు.

మూలన పెన్సిల్‌తో 32/50 అని రాసి ఉంది. ఆ ముద్రణ 50 సంఖ్యాంకిత ప్రతులకు పరిమితమన్నది నిజమే కాబట్టి ఆ అంకె నమ్మకంగానే కనిపిస్తుంది. కానీ అసలు ప్రతిలో బొమ్మ సుమారు 53 × 64 సెంటీమీటర్లు ఉంటుంది. నాకు వచ్చినదాని పొడవు, వెడల్పు రెండూ అందులో సగమే. 1962లో ఈ లినోకట్లను చిన్నవిగా అచ్చువేసిన పుస్తకం ఒకటి వెలువడింది, దాని పేజీలను విడదీసి అమ్మడం విదేశాల్లోనూ ఉన్నదే.

గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునే అద్దంతో చూస్తే రంగంతా సన్నని చుక్కలుగా విడిపోయింది. లినోలియం మీద చెక్కగా మిగిలిన భాగానికి సిరా పూసి కాగితంపై ఒత్తుతారు కనుక అసలు ప్రతిలో రంగు ఒకే పూతగా పరుచుకుంటుంది, అంచుల వద్ద కాస్త చిక్కబడుతుంది, చుక్కలు మాత్రం ఉండవు.

ఇంతకంటే విడ్డూరం, కావాలంటే అదే లినోలియం బ్లాకుపై (చెక్కిన పలకపై) మరో ప్రతి తీయించి ఇస్తామని వారు ఫోనులో చెప్పడం. ఆ రోజుల్లో పికాసో ఎక్కువగా వాడిన పద్ధతిలో ఒకే బ్లాకుతో ముందు లేత రంగును అన్ని ప్రతులకూ అచ్చువేసి, దానినే ఇంకా చెక్కి తరువాతి రంగు వేస్తారు. చివరి రంగు పడేసరికి మొదటి రంగు అచ్చువేసిన ఉపరితలం మిగిలి ఉండదు, మరో ప్రతి ఎలా తీస్తారు?

కళాఖండాలకు రిటర్న్ లేదని వారు డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఇప్పుడు అదే బొమ్మ 17/50 అంకెతో మళ్లీ అమ్మకానికి పెట్టారు. ఎవరైనా బేరమాడుతుంటే డబ్బు కట్టకముందే స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటో, కాగితం వెనుక వైపు ఫొటో, పికాసో ప్రింట్ల జాబితా అయిన జార్జ్ బ్లోక్ కేటలాగులో ఆ బొమ్మ సంఖ్య అడగండి. ఇప్పటికే ఆన్‌లైన్‌లో చెల్లించినవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.