మేక్ కొడితే చాలు అని అమ్మే మ్యాక్ సోర్స్ కోడ్‌తో జాగ్రత్త

మ్యాక్ యాప్ సోర్స్ కోడ్ ఆన్‌లైన్‌లో కొందామనుకునేవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. పోయిన నెల 6,500 పెట్టి ఒక ఫొటో ఎడిటర్ కోడ్ కొన్నాను. నాలుగు ఫిల్టర్ ప్లగిన్లతో సహా ఫుల్ సోర్స్, టెర్మినల్‌లో మేక్ (కోడ్ నుంచి యాప్ తయారుచేసే కమాండ్) కొడితే అన్నీ యాప్‌లోకి వచ్చేస్తాయి అన్నారు, వీడియోలో బాగానే పనిచేసింది కూడా.

నా దగ్గర మేక్ కొడితే చివర్లో బిల్డ్ సక్సెస్ అనే వచ్చింది, కానీ యాప్ తెరిస్తే ఫిల్టర్ మెనూ ఖాళీ. ప్యాకేజీ లోపలికెళ్లి చూస్తే ప్లగిన్స్ ఫోల్డర్ ఉంది, అందులో ఒక్క బండిల్ (ప్లగిన్ ఉండే ప్యాకేజీ) లేదు. రెండు రాత్రులు నేనే ఏదో చెడగొట్టానేమో అని తల పట్టుకుని, అప్పుడు మేక్ ఏ కమాండ్లు నడపాలో రాసి ఉండే మేక్‌ఫైల్ చదివాను (మొదటే చదవాల్సింది, నాదే బుద్ధి తక్కువ). బండిల్స్ కాపీ చేసే సీపీ లైన్‌లో అమ్మినాయన సొంత హోమ్ ఫోల్డర్ పాత్ ఉంది, నా మ్యాక్‌లో ఆ ఫోల్డరే లేదు, పైగా ఆ లైన్ ముందు ఒక హైఫన్! కమాండ్ ముందు హైఫన్ ఉంటే అది ఫెయిలైనా మేక్ ఆగదు, ఎర్రర్ 1 ఇగ్నోర్డ్ అని ఒక ముక్క రాసి ముందుకు పోతుంది, వందల లైన్ల మధ్య అది ఎవరి కంట పడుతుంది?

పాత్ సరిచేస్తే ఇంకోటి. యాప్‌కి ముందే కోడ్‌సైన్ (తర్వాత ఎవరూ మార్చలేదని చూపే డిజిటల్ సంతకం) చేసేసి తర్వాత బండిల్స్ పెడుతున్నాడు, దాంతో సంతకం చెల్లకుండా పోతోంది. లోపలి బండిల్స్‌కి ముందు సైన్ చేసి, యాప్‌కి ఆఖర్న చేయాలి. అది కూడా నేనే మార్చుకున్నాను. కానీ నాలుగు ప్లగిన్లలో రెండింటికి అసలు సోర్సే లేదు, రెడీమేడ్ బండిల్స్ పడేశాడు, ఏ ప్రాసెసర్‌కి తయారైందో చూపే లైపో కమాండ్‌తో చూస్తే అవి ఇంటెల్‌కి మాత్రమే. నాది ఎం1, యాపిల్ సొంత చిప్. యాప్ మొత్తాన్ని ఇంటెల్‌కి బిల్డ్ చేసి రోసెట్టాలో (ఇంటెల్ యాప్‌లను యాపిల్ చిప్ మీద నడిపించేది) నడిపితే లోడవుతాయి, దానికోసమా డబ్బులు పెట్టింది?

కొనేముందు మేక్‌ఫైల్ ఒక్కటి చూపించమనండి, అందులో ఎవరిదో యూజర్ పేరుతో పాత్ కనిపిస్తే వదిలేయండి. వీడియో అడిగితే కొత్త యూజర్ అకౌంట్‌లో, జిప్ విప్పిన దగ్గర్నుంచి తీయమనండి. కొనేసినవాళ్లు మేక్‌కి హైఫన్ ఎన్ తగిలించి నడపండి, ఏ కమాండ్లు నడుస్తాయో చూపిస్తుంది, మామూలుగా ఏదీ నడపదు.

రీఫండ్ అడిగితే ఆయన జవాబు: "నా మ్యాక్‌లో బానే ఉంది సార్."