ఇండియనా, బర్మీసా? బాణం గుర్తు మేలా, కంటి కింది పొలుసులు మేలా?

కొండచిలువ ఫొటో పెట్టి "ఇది మన ఇండియన్ జాతిదా, బర్మీస్ జాతిదా?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఆ ఫొటోలు దాదాపు అన్నీ పైనుంచి తీసినవే. వాటిలో తల మీది బాణం గుర్తు తప్ప పనికొచ్చేది ఏమీ కనిపించదు.

అదీ తీసిపారేసే గుర్తేం కాదు. బర్మీస్‌కు బాణం ముక్కు కొస దాకా ముదురుగా సాగుతుంది. ఇండియన్‌కు ముక్కు దగ్గరకొచ్చేసరికి వెలిసిపోతుంది. దూరం నుంచే చూడొచ్చు, అది దీని గొప్ప. చిక్కల్లా ఎంత వెలిస్తే వెలిసినట్టు అన్న దగ్గరే. కుబుసం విడిచే ముందు పాము ఒళ్లంతా మసకబారుతుంది. పెంపకంలో పుట్టిన అల్బినోలకైతే ముదురు రంగే ఉండదు. అప్పుడిక బాణాన్ని నమ్ముకుని లాభం లేదు.

నా ఓటు కంటి కింది పొలుసులకే. తలను పక్క నుంచి చూడండి. పై పెదవి వెంట పెద్ద పొలుసులు వరసగా ఉంటాయి. ఇండియన్‌లో ఆరోదో ఏడోదో నేరుగా కంటిని తాకుతుంది. బర్మీస్‌లో పెదవి పొలుసులకూ కంటికీ మధ్య చిన్న పొలుసుల వరస అడ్డొస్తుంది. తాకిందా, లేదా, అంతే. రంగు మారినా ఈ అమరిక మారదు. తల భాగం చిరగకుండా దొరికితే, విడిచిన కుబుసం మీద కూడా భూతద్దంతో చూడొచ్చు. అలాగని పక్క ఫొటో కోసం పాము దగ్గరికి వెళ్లొద్దు, జూమ్ చాలు.

ఒంటి రంగు ఊహకు పనికొస్తుందంతే. దొరికిన చోటు కొంత నయం: మన రెండు రాష్ట్రాల అడవుల్లో ఉండేది ఇండియనే. రెటిక్యులేటెడ్ అనే మరో జాతి కొండచిలువతో పేచీ లేదు, దాని తల మీద బాణం బదులు సన్నటి నల్ల గీత ఉంటుంది.

ఈ రెండు జాతులూ కలిసి పుట్టిన సంకరాల దగ్గర మాత్రం పొలుసులకూ హద్దుంది. ఫ్లోరిడాలో బర్మీస్‌గా లెక్కేసిన దాదాపు 400 పాముల్ని పరీక్షిస్తే, 13టిలో తల్లి వైపు నుంచి వచ్చే ఇండియన్ డీఎన్‌ఏ బయటపడిందని 2018లో ప్రకటించారు. అది ఎన్నో తరాల కిందటి కలయిక కావచ్చు, కంటి కింద దాని జాడ ఉండాలనేం లేదు. సంకరమని అనుమానం వస్తే డీఎన్‌ఏ పరీక్షే దారి. దానికీ కుబుసం ముక్క పనికొస్తుంది.