పాత టాటా 1210 లారీకీ ఇప్పటి బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) లారీకీ పోలిక

ఒంటి సుఖం చూస్తే కొత్త బండే, అందులో వాదనే లేదు. మా పాత 1210కి పవర్ స్టీరింగ్ లేదు, గేర్లకు సింక్రో (గేరు మార్చేటప్పుడు పళ్ల వేగాన్ని దానంతటదే కలిపే ఏర్పాటు) లేదు. ఘాట్‌లో గేరు తగ్గించాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ ఒక్కసారి కొట్టి, మళ్లీ క్లచ్ తొక్కి కింది గేరు వేయాలి. ఆ లెక్క తప్పిందా, గరగరమని పళ్లు అరిచేవి, లోడు బండి ఏ గేరూ లేకుండా పల్లానికి పరిగెత్తేది. పక్కనే ఉన్న ఇంజన్ వేడికి ఎడమ కాలు మాడిపోయేది. ఇప్పుడా బాధ లేదు, 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ కూడా తప్పనిసరి చేశారు.

రిపేరు దగ్గర మాత్రం నా ఓటు పాతదానికే. దారిలో ఏ మెకానిక్కైనా పానా పట్టుకుని పని కానిచ్చేవాడు. ఇప్పుడు యాడ్‌బ్లూ (పొగలో విషం తగ్గించడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రవం) నిండుకుంటే ఇంజన్ పవరే తగ్గిపోతుంది, సెన్సార్ లైటు వెలిగితే ల్యాప్‌టాప్ ఉన్నవాడు రావాలి.

ఇక ఇల్లు. అప్పట్లో లైను మీదకెళ్తే ఎస్టీడీ బూత్ దొరికినప్పుడే కబురు, అదీ పక్కింటివాళ్ల ఫోనుకి. పాపం మా ఆవిడకి ఎంత టెన్షనో! ఇప్పుడు ధాబా దగ్గర ఆగగానే వీడియో కాల్, "తిన్నారా, ఏం కూర?" అని. కానీ ఇంటికొచ్చాక పాత రోజులే నయం, పిల్లల్ని ఎక్కించుకుని బండి కడుక్కుంటూ కూర్చుంటే అడిగేవాడు లేడు. ఇప్పుడు ముద్ద నోట్లో పెట్టేలోపే ఓనరు ఫోను: లోడు రెడీ, ఎప్పుడు కదులుతున్నావ్?