నల్లగొండ, సాగర్ ట్రిప్: ఎక్కడ హాయిగా కూర్చున్నాం, ఎక్కడ నడుం పట్టేసింది

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో సాగర్ వెళ్తుంటే రూమ్ రేటు కంటే ముందు ఎక్కడెక్కడ కూర్చోవచ్చో కనుక్కోండి. ఫొటోలు పెట్టేవాళ్లు ఆ ఒక్కటీ చెప్పరు. నాతో అమ్మ, మేనత్త వచ్చారు.

హైదరాబాద్ నుంచి నల్లగొండకి సూపర్ లగ్జరీ బుక్ చేస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "ఆధార్ కార్డు చూపిస్తే ఉత్తగనే తీస్కపోతరు, పైసలెందుకు బిడ్డా" అంది. తెలంగాణలో ఆడవాళ్లకి ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లకే కదా, సరే అని ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. బస్సు ఆగకముందే కిటికీల్లోంచి దస్తీలు పడ్డాయి. ముగ్గురి సీటులో చివర కూర్చున్న అత్తకి సగం సీటే దక్కింది, మలుపు వచ్చినప్పుడల్లా ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చుంది. డబ్బులు పోయినా పుష్‌బ్యాక్ సీటే నయం.

నల్లగొండ పక్కనే పానగల్‌లో ఉన్న ఛాయా సోమేశ్వరాలయం మాత్రం ప్రాణం లేచొచ్చేలా చేసింది. మూడు గర్భాలయాలకీ మధ్యలో ఒకటే మండపం, ఎండాకాలంలోనూ బండ చల్లగా ఉంది, స్తంభానికి ఆనుకుని కాళ్లు చాపుకున్నాం. లింగం వెనక గోడ మీద రోజంతా కదలకుండా ఉండే నీడ చూడ్డానికే జనం వస్తారు, చూసి వెంటనే వెళ్లిపోతారు కూడా. తొందరపడకండి.

సాగర్‌లో దిగిన లాడ్జి పేరు చెప్పను. బాల్కనీలోంచి నీళ్లు బాగానే కనిపిస్తాయి, కానీ ముగ్గురికి కలిపి ఒక ప్లాస్టిక్ కుర్చీ, దానికీ ఒక కాలు విరిగితే తీగ చుట్టారు. ఇంకోటి కావాలని రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే "పంపిస్తం సార్" అన్నారు, పొద్దున ఖాళీ చేసేదాకా రాలేదు.

సాగర్ నీళ్ల మధ్య ద్వీపంలా ఉన్న నాగార్జునకొండకి లాంచీలో శుక్రవారం వెళ్లొద్దు, అక్కడి మ్యూజియానికి ఆ రోజు సెలవు. పైడెక్కు మీద సెల్ఫీల గోల ఎక్కువ, పెద్దవాళ్లని కింద కిటికీ పక్కన కూర్చోబెట్టండి.

అసలు మిస్సవకూడనిది అవతలి ఒడ్డున, ఆంధ్ర వైపు ఉన్న అనుపు. డ్యామ్ కడితే లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, బయటపడ్డ కట్టడాల్లో కొన్నిటిని నాగార్జునకొండ మీదికీ, కొన్నిటిని ఇటు అనుపుకీ తెచ్చి మళ్లీ కట్టారు. వాటిలో ఇక్ష్వాకుల కాలం నాటి రంగస్థలం ఒకటి, మధ్యలో నలుచదరంగా ఖాళీ, చుట్టూ మెట్ల వరసలు. కింద నిలబడి అత్త మామూలు గొంతుతో "దాహమైతుందిరా" అంటే పైమెట్టు మీదున్న నాకు పక్కనే ఉన్నట్టు వినిపించింది. పదిహేడు వందల ఏళ్ల కింద కట్టినవాళ్లకి కూర్చునేవాడి సుఖం తెలుసు, మా లాడ్జివాళ్లకే తెలియదు. నీడ తక్కువ కాబట్టి పొద్దున్నే వెళ్లండి, కింద వేసుకోవడానికి ఒక టవల్, నీళ్ల సీసా దగ్గరుంచుకోండి. మేం అక్కడ అరగంటే ఉన్నాం, ఈసారి వెళ్తే లాంచీ మానేసి ఆ సమయం కూడా ఇక్కడే గడుపుతాం.