ఆచారమా, అంతరంగమా: రెండూ చవిచూసిన వెస్లీ

భక్తిలో బయటి ఆచారాన్నీ, లోపలి అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి చూడాలంటే ఒక్క మనిషి చాలు: పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో మెథడిస్టు క్రైస్తవ ఉద్యమాన్ని మొదలుపెట్టిన బోధకుడు జాన్ వెస్లీ. (మన మెదక్ పెద్ద చర్చి కట్టించిన మిషన్ ఆయన సంప్రదాయానిదే.)

ముందు ఆచారం. ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన బృందాన్ని ‘హోలీ క్లబ్’ అని ఎగతాళి చేసేవారు. బుధ, శుక్రవారాల్లో ఉపవాసం, ప్రతివారం ప్రభురాత్రి భోజనం (యేసు చివరి విందు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ‘ప్రభుబల్ల’), జైల్లో ఖైదీల పలకరింపు, గంటగంటకూ లెక్క రాసే డైరీ. వంక పెట్టడానికి లేదు. కానీ 1736 జనవరిలో, అమెరికాలోని జార్జియాకు ఓడలో వెళ్తుంటే తుఫాను లేచి, తెరచాప చిరిగి, నీళ్లు ఓడలోకి దూకేసరికి ఆయనకు చావుభయం పట్టుకుంది. అదే ఓడలో జర్మన్ మొరేవియన్లు (ఒక ప్రొటెస్టంట్ శాఖవాళ్లు) మాత్రం పిల్లాపాపలతో సహా నిబ్బరంగా కీర్తన పాడుతూనే ఉన్నారు.

ఇక అంతరంగం. 1738 మే 24 సాయంత్రం లండన్ ఆల్డర్స్‌గేట్ వీధి కూటానికి ఆయన అయిష్టంగానే వెళ్లాడు. బైబిల్లోని రోమా పత్రికకు (రోమా క్రైస్తవులకు పౌలు రాసిన లేఖకు) ప్రొటెస్టంట్ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతున్నారు. తొమ్మిదికి పావుగంట ముందు గుండె వింతగా వెచ్చబడిందని ఆయనే రాసుకున్నాడు.

కథ ఇక్కడే ఆగుంటే అంతరంగానిదే గెలుపు అనేవాణ్ని. కానీ లండన్‌లోని ఆయన మిత్రుల్లో కొందరు మరో కొసకు పోయారు. పూర్ణ విశ్వాసం కలిగేదాకా ప్రభుబల్ల వద్దు, ఊరికే కనిపెట్టుకొని కూర్చోమన్నారు. ఇది నాకూ మింగుడుపడదు. ఆకలేస్తే తప్ప వంటింట్లోకి రావద్దన్నా అర్థముంది, ఇది కడుపు నిండాకే రమ్మనడం. 1740 జులైలో వెస్లీ వాళ్లతో తెగతెంపులు చేసుకున్నాడు. తరచూ ప్రభుబల్లలో పాలుపొందాలని ఆక్స్‌ఫర్డ్ శిష్యుల కోసం రాసిన ప్రసంగాన్ని, ఎనభై దాటాక, అభిప్రాయం ఏమీ మారలేదంటూ మళ్లీ అచ్చు వేయించాడు.